తిరిగి వచ్చిన పార్సెలు చెప్పే పాఠం

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు వ్యాపారం కొత్త కాదు. గుడియాత్తం పేరు చెప్పగానే చేనేత లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు గుర్తుకొస్తాయి. వేలూరు అనగానే తోలు పరిశ్రమ, 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన సి.ఎం.సి. ఆసుపత్రి, దాని చుట్టూ అల్లుకున్న లాడ్జీలు, మెస్సులు, మందుల దుకాణాలు కళ్ళముందు కదులుతాయి. అంగట్లో కూర్చుని మనిషి మొహం చూసి బేరం చెప్పడం మన తాతల నాటి విద్య.

ఇప్పుడా విద్యకు కొత్త రూపం వచ్చింది. ఇంట్లో ఒక గది, చేతిలో ఒక ఫోను ఉంటే చాలు, దుకాణం తెరిచినట్టే. ఒక ఇల్లాలు ఆవకాయ, వడియాలు అమ్మకానికి పెడుతుంది. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడు గుడియాత్తం లుంగీలకు ఫోటోలు తీసి పెడతాడు. మొదటి నెల బంధువులు, స్నేహితులు కొంటారు. రెండో నెల కొత్తవాళ్ళు కొంటారు. మూడో నెల నుంచి పార్సెళ్ళు తిరిగి రావడం మొదలవుతుంది. ఆరో నెలకు దుకాణం మూతపడుతుంది. ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మాకు అచ్చిరాలేదండీ."

"అచ్చిరాలేదు" అన్న మాట మనసుకు కాస్త ఊరటనిస్తుంది. నేరం గ్రహాల మీదికి పోతుంది, ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించుకోనక్కరలేదు. అంతవరకు మంచిదే. ఐతే ఆ మాట అన్న క్షణం నుంచి ఆ నష్టం వల్ల రావలసిన పాఠం కూడా పోతుంది. సొమ్మూ పోయి, పాఠమూ పోతే అది రెండింతల నష్టం. పోయిన సొమ్ముకు కారణం వెదికి రాసుకున్నవారికి మాత్రం అది చదువుకు కట్టిన ఫీజు అవుతుంది. ఈ సంగతి మనకంటే ముందు పెద్ద ఎత్తున దెబ్బతిని, నిలదొక్కుకున్నవారి కథల్లో స్పష్టంగా కనబడుతుంది.

వద్దన్నవాళ్ళే దారి చూపారు

ఈనాడు బస్సు టికెట్టు కోసం మనలో చాలామంది వాడుతున్న "రెడ్‌బస్" ముగ్గురు తెలుగు యువకుల చేతుల మీదుగా పుట్టింది. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ, ఆయన స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి బెంగుళూరులో ఇంజనీర్లుగా పనిచేస్తుండేవారు. 2005 దీపావళికి సొంత ఊరు వెళ్ళడానికి ఫణీంద్రకు బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒకచోట తెలిసే ఏర్పాటు లేదని ఆయనకు అప్పుడు తట్టింది.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. మనకు కావలసింది ఆ తరువాతి ముచ్చట. వాళ్ళు మొదట తయారుచేసింది టికెట్లు అమ్మే దుకాణం కాదు. బస్సుల యజమానులు తమ సీట్ల లెక్క చూసుకోవడానికి పనికొచ్చే కంప్యూటరు ప్రోగ్రాము. కష్టపడి తయారుచేసి తీసుకువెళితే బస్సుల యజమానులు ఆసక్తి చూపలేదు. పెన్నుతో చార్టు మీద గీసుకునే పద్ధతి వాళ్ళకు బాగానే నడుస్తోంది. లేని కష్టానికి మందు ఎవరు కొంటారు?

అక్కడ "అచ్చిరాలేదు" అనుకుని ఉద్యోగాల్లో ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని యజమానులు ఎందుకు వద్దంటున్నారో వాళ్ళు గమనించారు. యజమానికి కావలసింది లెక్క చూసే యంత్రం కాదు, ఖాళీ సీటు నిండటం. కాబట్టి "మీ సీట్లు మేమే అమ్మిపెడతాం" అన్న బేరంతో మళ్ళీ వెళ్ళారు. కొద్దిపాటి సీట్లతో 2006లో అమ్మకం మొదలైంది. మొట్టమొదటి టికెట్లలో ఒకటి మన తిరుపతికి వెళ్ళే ప్రయాణికురాలిది. 2013లో ఆ సంస్థను ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. ఫణీంద్ర సామ 2018లో తెలంగాణ ప్రభుత్వానికి ముఖ్య ఆవిష్కరణల అధికారి అయ్యారు.

ఇందులో మనం పట్టుకోవలసిన సూక్ష్మం ఒకటుంది. మొదటి ఓటమి వాళ్ళ తెలివితేటలకు సంబంధించింది కాదు. కొనేవాడి అవసరాన్ని తాము ఊహించుకున్న తీరుకు సంబంధించింది. ఊహను మార్చుకోగానే అదే కష్టం, అదే చదువు ఫలించాయి.

కాలం కలిసిరాని దుకాణం

రెండో కథ బెంగుళూరుదే. 1999లో కె. వైతీశ్వరన్, వి.ఎస్. సుధాకర్, హరి మేనన్ మొదలైన మిత్రులు కలిసి "ఫాబ్‌మార్ట్" అనే ఆన్‌లైన్ దుకాణం తెరిచారు. పాటల క్యాసెట్లు, పుస్తకాలు, తరువాత కిరాణా సరుకులు అమ్మారు. అప్పట్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళలో కూడా కార్డు నంబరు కంప్యూటరులో ఇవ్వడానికి భయపడేవారే ఎక్కువ. ఆలోచన మంచిదే, కాని కాలం ఇంకా రాలేదు. ఆ సంస్థ పెట్టిన కిరాణా షాపులు 2006లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్ళాయి. "ఇండియాప్లాజా"గా పేరు మారిన ఆన్‌లైన్ విభాగం 2013లో మూతపడింది.

కథ అక్కడితో ముగియలేదు. ఆ మిత్రుల్లో కొందరు 2011లో "బిగ్‌బాస్కెట్" ప్రారంభించారు. కిరాణా సరుకు ఎలా నిలవ చేయాలి, ఇంటికి ఎలా చేర్చాలి, ఎక్కడ డబ్బు కారిపోతుంది అన్న విషయాలు వాళ్ళకు మొదటి దుకాణమే నేర్పింది. 2021లో టాటా గ్రూపు అందులో అధిక వాటా తీసుకుంది. ఇక వైతీశ్వరన్ తన అనుభవాన్నంతా 2017లో పుస్తకంగా వెలువరించారు. ఓడిపోయిన కథను దాచుకోకుండా అచ్చువేయించడం మన దేశంలో అరుదైన పని.

ఇవి కోట్ల రూపాయల కథలు గదా, గుడియాత్తంలో పది లుంగీలు అమ్ముకునేవారికి ఏం పనికొస్తాయి అని పాఠకులు అడగవచ్చు. మొత్తాలు వేరు, లెక్క ఒక్కటే. ఆ లెక్కను మన ఊరి సరుకుతోనే వేసి చూద్దాం.

పది లుంగీల లెక్క

ఉదాహరణకు ఒక లుంగీ మనకు 300 రూపాయలకు పడిందనుకుందాం. ప్యాకింగుకు 15, పంపడానికి 60. మొత్తం 375. దాన్ని 450కి అమ్మితే మిగిలేది 75 రూపాయలు. పది పంపితే 750 లాభం అని కాగితం మీద కనబడుతుంది.

ఇప్పుడు సరుకు చేతికందాక డబ్బిచ్చే పద్ధతిలో పదిలో రెండు తిరిగి వచ్చాయనుకుందాం. అమ్ముడుపోయిన ఎనిమిదింటి మీద లాభం 600. తిరిగి వచ్చిన ఒక్కొక్కదాని మీద ప్యాకింగు 15, వెళ్ళే ఖర్చు 60, వచ్చే ఖర్చు 60, వెరసి 135 నష్టం. రెండింటికి 270. చేతిలో మిగిలేది 330. నాలుగు తిరిగి వస్తే? ఆరింటి మీద లాభం 450, నాలుగింటి మీద నష్టం 540. పది ఆర్డర్లు వచ్చినా 90 రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టు. అదీ లుంగీలు నలగకుండా, మురికి పడకుండా తిరిగి వస్తేనే. పదిలో రెండే తిరిగి వచ్చినా, ఆ రెండూ పనికిరాకుండా వస్తే ఇంకో 600 పోయి, 330 లాభం కాస్తా 270 నష్టం అవుతుంది.

చాలా చిన్న దుకాణాలు మూతపడేది ఇక్కడే. ఆర్డర్లు పెరుగుతున్నకొద్దీ యజమాని సంతోషిస్తూ ఉంటాడు, పెట్టుబడి మాత్రం కరిగిపోతూ ఉంటుంది. పాత రోజుల్లో పుస్తకాలను వి.పి.పి.లో పంపిన ప్రచురణకర్తలను అడిగితే ఇదే బాధ చెప్పేవారు. పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టేసరికి పాఠకుడి ఉత్సాహం చల్లారిపోయేది. పద్ధతి పేరు మారింది, మనిషి స్వభావం మారలేదు.

ఐతే తిరిగి వచ్చిన ప్రతి పార్సెలుకూ ఒక కారణం ఉంటుంది. చిరునామా సరిగా లేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఫోటోలో నీలం, విప్పితే ఊదా. కుట్టిన లుంగీ అనుకున్నారు, వచ్చింది కుట్టనిది. వీటిలో మొదటి రెండింటికి మందు పంపేముందు ఒక ఫోను. మూడోదానికి మందు ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో తీసిన ఫోటో. నాలుగోదానికి మందు ఒక్క వాక్యం: పొడవెంత, వెడల్పెంత, కుట్టినదా కాదా. కారణం తెలియనంతకాలం ఇవన్నీ కలిసి "ఆన్‌లైన్‌లో జనం మోసం చేస్తారు" అన్న ఒక్క ఫిర్యాదుగా మిగిలిపోతాయి.

వడియాల బరువు, ఆవకాయ పేరు

తినుబండారాలు అమ్మేవారికి వేరే తరహా దెబ్బలున్నాయి. కిలో వడియాలు పంపితే కిలోకే డబ్బు తీసుకుంటారని అనుకుంటాం. చాలా కొరియరు సంస్థలు అసలు బరువునూ, పెట్టె పరిమాణాన్నిబట్టి లెక్కకట్టిన బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం వాడుకలో ఉన్న పద్ధతి. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె ఐతే 15000ను 5000తో భాగిస్తే మూడు కిలోలు! లోపల ఉన్నది కిలో వడియాలే ఐనా మూడు కిలోల ఛార్జీ పడుతుంది. పెట్టెను కాస్త చిన్నది చేస్తే వడియాలు నలుగుతాయి, పెద్దది చేస్తే లాభం నలుగుతుంది. ఏ కొలత పెట్టె సరిపోతుందో నాలుగు పార్సెళ్ళు సొంత బంధువులకు పంపి చూసి తేల్చుకోవలసిందే.

ఊరగాయలది ఇంకో కథ. గాజు సీసా పగులుతుంది, సరిగా మూయని ప్యాకెట్టులో నూనె కారుతుంది. పక్క పార్సెళ్ళు పాడైతే అసలే ఇబ్బంది. ఇంకో సంగతి, మనం "ఆవకాయ" అని రాస్తే తెలుగువారికి నోరూరుతుంది. పక్కింటి తమిళ కుటుంబానికి అది ఏదో తెలియని పేరు. వాళ్ళు వెదికేది "మాంగాయ్ ఊరుగాయ్". పేరు చూసి కొన్నా, ఆవపిండి ఘాటు అలవాటు లేనివారు చేదుగా ఉందని అనవచ్చు. సరుకు చెడ్డది కాదు, చెప్పవలసిన మాట చెప్పలేదు, అంతే. వేలూరు, గుడియాత్తం తెలుగువారికి రెండు భాషలూ నోట ఆడతాయి గనుక ఈ లోపాన్ని దిద్దుకోవడం మనకు తేలిక. సరుకు పేరు రెండు భాషల్లోనూ రాయండి. ఘాటెంతో ముందే చెప్పండి.

అన్ని సరుకులూ ఈ దారిన పోవు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేలూరు జిల్లా ఇలవంబాడి ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎంత పేరున్నా లేత వంకాయను నాలుగు రోజుల ప్రయాణానికి పంపలేం. అదే గుడియాత్తం లుంగీ నాలుగు వారాలు దారిలో ఉన్నా చెడదు. మొదటి అడుగు చెడని సరుకుతో వేయడం వివేకం.

గంట దూరం, వేరే రాష్ట్రం

మన ప్రాంతం వారికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. 1911 వరకు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. పెళ్ళి సంబంధాలు నేటికీ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. పరదరామి దాటితే ఆంధ్ర. మన మొదటి కొనుగోలుదారులు సహజంగానే చిత్తూరు, పలమనేరు బంధువులే అవుతారు. కాని పన్నుల చట్టం దృష్టిలో అది అంతర్రాష్ట్ర వ్యాపారం.

ఒకప్పుడు ఆన్‌లైన్ వేదికల మీద సరుకులు అమ్మాలంటే అమ్మకాలు ఎంత తక్కువైనా జి.ఎస్.టి. నమోదు తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవారికి సడలింపు ఇచ్చారు. తమిళనాడులో సరుకుల వ్యాపారానికి ఉన్న పరిమితి ఏడాదికి 40 లక్షల టర్నోవరు. అది దాటనివారు జి.ఎస్.టి. నమోదు లేకుండానే, పాన్ ఆధారంగా ఒక నమోదు సంఖ్య తీసుకుని ఈ వేదికల మీద అమ్మవచ్చు. ఐతే ఒక షరతు ఉంది: సరుకు రాష్ట్రం దాటకూడదు. అంటే గుడియాత్తం నుంచి కన్యాకుమారికి పంపవచ్చు, గంట దూరంలో ఉన్న చిత్తూరుకు పంపితే ఈ సడలింపు వర్తించదు! చేతివృత్తుల వారి సరుకులకు కొన్ని ప్రత్యేక మినహాయింపులున్నాయి కాబట్టి, తమ సరుకు వాటి కిందికి వస్తుందో లేదో ఒక ఆడిటరును అడిగి తెలుసుకోవడం ఉత్తమం. తినుబండారాలకైతే ఆహార భద్రతా సంస్థ నమోదు కూడా కావాలి. ఈ సంగతులు మూడో నెలలో నోటీసు రూపంలో తెలిసేకంటే మొదటివారంలో తెలిస్తే ఖర్చు తక్కువ.

ఇక డబ్బు చేరే విషయం. మనకు డబ్బు రావడానికి ఫోనులో పిన్ నొక్కనక్కరలేదు. పిన్ అడిగారంటే అది మన ఖాతానుంచి పోయే డబ్బే. డబ్బు పంపినట్టు చూపే చిత్రాన్ని నమ్మి సరుకు పంపకూడదు. బ్యాంకు ఖాతాలో జమ ఐనట్టు కనబడిన తరువాతనే పార్సెలు కట్టాలి.

నమ్మకం ముందు, అమ్మకం తరువాత

1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం తయారుచేసినప్పుడు ఆ పేరు ఎవరికీ తెలియదు. ఆయన సంగీత సభలకు వెళ్ళి ఆ మందును ఉచితంగా పంచేవారు. తలనొప్పి తగ్గినవారు మరునాడు వెదుక్కుంటూ వచ్చి కొనేవారు. సొంత రాష్ట్రానికి దూరంగా, పరభాషల మధ్య ఒక తెలుగువాడు కట్టిన వ్యాపారం అది. ముక్కూ మొహం తెలియనివాడి చేత మొదటి రూపాయి ఖర్చుపెట్టించడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

ఫోను దుకాణంలో ఆ కష్టం ఇంకా ఎక్కువ. అందుకే మొదటి యాభైమంది కొనుగోలుదారులు మనల్నో, మన సరుకునో కళ్ళారా చూసినవారైతే మంచిది. ఈ విషయంలో వేలూరుకు ఉన్న సౌకర్యం చాలా ఊళ్ళకు లేదు. సి.ఎం.సి.కి బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, మన రాయలసీమ నుంచి నిత్యం జనం వస్తారు. వారాల తరబడి ఉంటారు. వాళ్ళు దుకాణంలో ఒకసారి కొన్న లుంగీ, ఒకసారి తిన్న పొడి మళ్ళీ కావాలనుకున్నప్పుడు ఫోను నంబరు దగ్గరుంటే చాలు. అలాంటివారి పార్సెలు తిరిగి వచ్చే అవకాశం తక్కువ, ఎందుకంటే ఏం వస్తుందో వారికి ముందే తెలుసు. మొహం తెలిసిన బేరాన్ని దూరం సాగదీయడమే మనకు తగిన ఆన్‌లైన్ వ్యాపారం.

నష్టాల పుస్తకం

ప్రతి అంగట్లో జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. దాని పక్కన పలచని నోటుపుస్తకం ఇంకొకటి పెట్టుకోమని ఈ వ్యాపారం మొదలుపెట్టే ప్రతివారికీ చెప్పాలి. అందులో నాలుగే గడులు: తేదీ, ఏం జరిగింది, ఎంత పోయింది, మనం ముందు ఏమనుకున్నాం. ఈ నాలుగోది ముఖ్యం. "కిలోకే ఛార్జీ పడుతుందనుకున్నాం." "ఊదా రంగైనా తీసుకుంటారనుకున్నాం." నెలాఖరున ఇంటిల్లిపాదీ కూర్చుని చదివితే ఏ పొరపాటు మళ్ళీ మళ్ళీ వస్తోందో తెలిసిపోతుంది. ఒక్కసారి జరిగింది ప్రమాదం కావచ్చు. మూడుసార్లు జరిగితే అది మన పద్ధతిలో ఉన్న లోపం.

ఈ పుస్తకం ఎవరినీ నిందించడానికి కాకూడదు. ముఖ్యంగా ఇల్లాలు మొదలుపెట్టిన వ్యాపారంలో మొదటి నష్టం రాగానే "నీకెందుకమ్మా ఇవన్నీ" అనే మాట ఇంట్లో వినబడితే, తరువాతి నష్టాలను ఆమె దాచిపెడుతుంది. దాచిన నష్టం వడ్డీ లేకుండానే పెరుగుతుంది. అత్తగారైనా, భర్తైనా, కొడుకైనా అడగవలసింది "ఎంత పోయింది?" అని కాదు, "ఏం తెలిసింది?" అని.

రెండోది, ఓటమి చిన్నదిగా ఉండేటట్టు చూసుకోవాలి. ఫణీంద్ర సామ మిత్రులు మొదటి ప్రయత్నం బెడిసినా రెండో ప్రయత్నం చేయగలిగారు. మళ్ళీ నిలబడే శక్తి మిగలకపోతే ఎంత గొప్ప పాఠమైనా వృథా. కాబట్టి నగలు తాకట్టు పెట్టి, వంద లుంగీల బేలు దింపి, అప్పుడు కొనేవారిని వెదకడం తలకిందుల పని. పది తెచ్చి, పదీ అమ్మి, వాటిలో ఎన్ని తిరిగి వచ్చాయో చూసి, పదకొండోదాని సంగతి ఆలోచించాలి. పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది రాని మొత్తం ఎంతో మొదలుపెట్టేముందే కాగితం మీద రాసి, దాన్ని దాటకూడదు. ఆ గీత దగ్గరకు వచ్చాక ఆపేయడం కూడా తెలివైన పనే. ఆపడం వేరు, పారిపోవడం వేరు. లెక్క చూసుకుని ఆపినవారు మళ్ళీ మొదలుపెట్టగలరు.

మూడోది, మన సంఘాలు చేయగలిగిన పని. సంఘ సమావేశాల్లో గెలిచినవారికి శాలువాలు కప్పుతాం, సంతోషం. అదే వేదిక మీద దుకాణం మూసేసిన ఒకరిద్దరిని కూర్చోబెట్టి, ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పించుకుంటే మన పిల్లలకు ఎంత మేలు! ఒక ఇంట్లో మూడు నెలలు, ముప్పైవేలు ఖర్చుపెట్టి నేర్చుకున్నది పక్కింటివారు అరగంటలో నేర్చుకుంటారు. వైతీశ్వరన్ పుస్తకం రాసి చేసిన పనిని మనం ఒక సాయంత్రం కాఫీ తాగుతూ చేయవచ్చు.

గుడియాత్తం మగ్గం మీద నూలు తెగితే నేతగాడు మగ్గాన్ని అటకెక్కించడు. ఎక్కడ తెగిందో వెదికి, ముడివేసి, మళ్ళీ నేస్తాడు. తెగిన పోగును ముందు కళ్ళు చూడాలి, తరువాతే వేళ్ళు కలపగలవు. మన ఇళ్ళలో మొదలవుతున్న చిన్న చిన్న దుకాణాలకూ కావలసింది అంతే.